వీసా ఫోటో నుంచి ఉర్దూ రుఖ్ఖా దాకా.. ఇంట్లో కలర్ ప్రింటర్ సెట్టింగ్స్ ఎలా పెట్టుకోవాలి?

వీసా కోసం ఇంట్లోనే ఫోటో ప్రింట్ తీశారు. ముఖం క్లియర్‌గా ఉంది, వెనక బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా ఉంది, పేపర్ కూడా మంచి గ్లాసీ పేపరే. తీరా కౌంటర్ దగ్గర స్కేలు పెట్టి కొలిస్తే 45 మిల్లీమీటర్లు ఉండాల్సిన ఎత్తు 42 మీద కొంచెమే ఉంది. ఫోటో తీసినవాళ్ల తప్పు లేదు, మిషన్ తప్పూ లేదు. ప్రింట్ బటన్ నొక్కే ముందు వచ్చే చిన్న బాక్సులో ‘ఫిట్ టు పేజ్’ అని ఒక టిక్ ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు, అంతే.

పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కాలం నుంచి చాలా ఇళ్లలోకి ఇంక్ ట్యాంక్ కలర్ ప్రింటర్ వచ్చేసింది. ఆధార్ కాపీ, స్కూల్ ప్రాజెక్టు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు పంపాల్సిన కాగితాలు, పెళ్లి పిలుపులు.. అన్నీ దాని మీదే. కొన్నరోజు షాపువాళ్లు ఇంకు పోసి, ఒక టెస్ట్ పేజీ తీసి చూపించి వెళ్తారు. ఆ తర్వాత సెట్టింగ్స్ జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. ప్రింట్ బాగా రాకపోతే ఇంకును అనుమానిస్తారు, పేపర్‌ను అనుమానిస్తారు, చివరికి కంపెనీని తిడతారు.

ప్రింటర్‌కు మనం మూడు సంగతులు చెప్పాలి. ట్రేలో ఏ పేపర్ పెట్టాం, పేజీలను ఎలా తీయాలి, రంగులు ఎలా వేయాలి. ఈ మూడూ విండోస్ కంప్యూటర్‌లో ‘ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్’ అనే చోట ఉంటాయి. సెట్టింగ్స్‌లో ‘ప్రింటర్స్ అండ్ స్కానర్స్’ తెరిచి, మీ ప్రింటర్ పేరు మీద నొక్కితే కనిపిస్తుంది. అక్కడ మార్చింది అన్నిటికీ డిఫాల్ట్‌గా ఉండిపోతుంది. వర్డ్‌లోనో పీడీఎఫ్‌లోనో ప్రింట్ బాక్సులో ‘ప్రాపర్టీస్’ నొక్కి మార్చింది సాధారణంగా ఆ ఒక్క పనికే. ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ ఇస్తే పేపర్ సైజు, కలర్, కాపీలు కనిపిస్తాయి గానీ పేపర్ రకం చాలాసార్లు కనిపించదు. ఫోటోలు తీయాలంటే ప్రింటర్ కంపెనీవాళ్ల యాప్ వేసుకుని అందులోంచి తీయడం మేలు.

లెటర్ కాదు, ఏ4

మన దేశంలో షాపులో దొరికే మామూలు పేపర్ ఏ4. వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఎత్తు 297. అమెరికాలో వాడేది లెటర్ సైజు. అది 216 వెడల్పు, 279 ఎత్తు. చాలా సాఫ్ట్‌వేర్లలో అమెరికా అలవాటు ప్రకారం ‘లెటర్’ అనే పెట్టి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. అందుకే మోసపోతాం.

ఏ4 కోసం తయారైన పేజీని లెటర్‌లో పట్టించాలంటే ప్రింటర్ దాన్ని 94 శాతానికి కుదిస్తుంది. 297ని 279 చేయాలి కదా. పాఠం చదువుకోవడానికి ఆ తేడా ఏమీ కాదు. కానీ అదే పేజీలో 35 ఇంటూ 45 మిల్లీమీటర్ల ఫోటో ఉంటే అది 32.9 ఇంటూ 42.3 అయిపోతుంది. మొదట చెప్పిన ఫోటోకు జరిగింది అదే.

కొలత ముఖ్యమైన పని ఏదైనా సరే, ‘యాక్చువల్ సైజ్’ లేదా ‘100 పర్సెంట్’ పెట్టాలి. ‘ఫిట్’, ‘ష్రింక్’ అనే మాటలు కనిపిస్తే తీసేయాలి. ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఏటీఎం కార్డు, పీవీసీ ఆధార్ కార్డు ఒకే సైజులో ఉంటాయి, 85.6 ఇంటూ 54 మిల్లీమీటర్లు. కార్డు కాపీని అసలు సైజులో ప్రింట్ తీసి, దాని మీద అసలు కార్డు పెట్టి చూడండి. అంచులు కలిస్తే మీ సెట్టింగ్ కరెక్ట్. కలవకపోతే ఫోటో పేపర్ పెట్టకముందే తెలిసిపోతుంది, పేపర్ దండగ కాదు.

కిరాయి అగ్రిమెంట్, ఇంటి కాగితాలు చాలావరకు లీగల్ సైజులో ఉంటాయి, ఎత్తు 356 మిల్లీమీటర్లు. వాటిని ఏ4 మీద తీయాలంటే మాత్రం ‘ఫిట్’ తప్పదు. లేకపోతే కింద సంతకాల లైన్ కట్ అయిపోతుంది.

ఒక షీటులో ఎనిమిది ఫోటోలు

ఫోటో సైజులు అన్ని చోట్లా ఒకటి కాదు. షెంగెన్ వీసాకు 35 ఇంటూ 45 మిల్లీమీటర్లు. అమెరికా వీసాకు 2 ఇంచులు ఇంటూ 2 ఇంచులు, అంటే చతురస్రం. పాన్ కార్డు కాగితం మీద అతికించేది 2.5 ఇంటూ 3.5 సెంటీమీటర్లు. ‘పాస్‌పోర్ట్ సైజు ఫోటో’ అనే ఒక్క మాటతో అన్నీ నడవవు. ఏ దరఖాస్తు ఏ సైజు అడుగుతుందో దాని మీదే చూసుకోవాలి.

ఇంట్లో తీయడానికి అనువైనది 4 ఇంటూ 6 ఇంచుల ఫోటో పేపర్. మిల్లీమీటర్లలో దాదాపు 102 ఇంటూ 152. పేపర్‌ను అడ్డంగా పెట్టుకుంటే 35 వెడల్పువి వరసకు నాలుగు, అంటే 140. ఎత్తు 45వి రెండు వరసలు, అంటే 90. మొత్తం ఎనిమిది ఫోటోలు సరిపోయి అంచుల్లో ఇంకా జాగా మిగులుతుంది. షీటు 10 రూపాయలకు పడింది అనుకుంటే పేపర్ ఖర్చు ఫోటోకు రూపాయి పావలా.

ఇక్కడ ఒక చిక్కుంది. ఫోటో పేపర్ అనగానే చాలామంది ‘బార్డర్‌లెస్’ పెట్టేస్తారు. బార్డర్‌లెస్‌లో తెల్ల అంచు రాకుండా ఉండాలని ప్రింటర్ బొమ్మను కొద్దిగా పెద్దది చేసి, పేపర్ అంచు దాటేలా వేస్తుంది. ఈద్ రోజు తీసుకున్న ఫ్యామిలీ ఫోటోకు అది బాగానే ఉంటుంది. కొలత ఫోటోలకు వద్దు. 45 ఉండాల్సింది 46 అవుతుంది. బార్డర్‌తోనే తీసి కత్తిరించుకోవాలి.

ఫోటో ఫైలు కూడా చూసుకోవాలి. 4 ఇంటూ 6 ప్రింట్ నీట్‌గా రావాలంటే 1200 ఇంటూ 1800 పిక్సెళ్లు ఉండాలి, అంటే ఇంచుకు 300. దుబాయ్ నుంచి భాయ్ వాట్సాప్‌లో ఫోటో పంపిస్తే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. ఫోటోలాగా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపమంటే అసలు ఫైలు వస్తుంది.

గ్లాసీ పేపర్ పెట్టి ‘ప్లెయిన్’ అని చెబితే

పేపర్ సైజు కంటే ఎక్కువమంది మర్చిపోయేది పేపర్ టైప్. మామూలు పేపర్ ఇంకును పీల్చేసుకుంటుంది, అది పక్కలకు పాకుతుంది. ఫోటో పేపర్ మీద పూత ఉంటుంది, ఇంకు ఆ పూతలో ఆగుతుంది. ట్రేలో ఏముందో చాలా ఇంటి ప్రింటర్లకు సొంతంగా తెలియదు. మనం చెప్పిందే నమ్ముతాయి. గ్లాసీ పెట్టి ‘ప్లెయిన్ పేపర్’ అని వదిలేస్తే ఫోటో వెలిసిపోయినట్టు, గీతలుగీతలుగా వస్తుంది. ప్లెయిన్ పేపర్ పెట్టి ‘ఫోటో పేపర్’ అని చెబితే ఇంకు ఎక్కువ పోసి పేజీ తడిసి ముడతలు పడుతుంది, వెనక్కి కూడా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. చాలా ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో నల్ల ఇంకు పిగ్మెంట్ రకం, మిగతా మూడు రంగులు డై రకం. పిగ్మెంట్ నలుపు గ్లాసీ పూత మీద సరిగ్గా నిలవదు, వేలు తగిలితే చెరుగుతుంది. అందుకే ‘ఫోటో పేపర్’ అని చెప్పగానే అలాంటి ప్రింటర్ నల్ల ఇంకును పక్కన పెట్టి, మూడు రంగులనూ కలిపి నలుపు తయారు చేస్తుంది. ‘ప్లెయిన్’ అని చెబితే నల్ల ఇంకే వేస్తుంది. గ్లాసీ ఫోటోలో జుట్టు, గడ్డం, నల్ల షేర్వానీ చెరిగిపోతున్నాయంటే ముందు చూడాల్సింది పేపర్ టైపే.

గ్లాసీ పేపర్‌లో ప్రింట్ పడేది ఒకే వైపు. వెనక నుంచి పేపర్ పెట్టే ప్రింటర్లలో మెరిసే వైపు మనకు కనిపించేలా, కింద క్యాసెట్ ఉన్న ప్రింటర్లలో సాధారణంగా మెరిసే వైపు కిందికి ఉండేలా పెట్టాలి. మ్యాట్ పేపర్‌లో ఏ వైపు పూతో తెలియకపోతే మూల దగ్గర కొద్దిగా తడి చేసిన వేలితో తాకండి, అంటుకున్నట్టు అనిపించేది పూత వైపు.

మందం గురించి క్లుప్తంగా చెప్పాలంటే, మామూలు పేపర్ 70 నుంచి 80 జీఎస్ఎం. ఫోటో పేపర్ 180 పైన. కార్డులకు వాడే 300 జీఎస్ఎం అట్ట అన్ని ఇంటి ప్రింటర్లూ లాగలేవు, మీ మోడల్ ఎంతవరకు తీసుకుంటుందో దాని పుస్తకంలో ఉంటుంది. వానాకాలంలో పేపర్ చెమ్మ పట్టి వంగిపోతుంది, రెండేసి షీట్లు కలిసి వెళ్తాయి. మిగిలిన పేపర్ ట్రేలో వదిలేయకుండా కవర్లో పెట్టుకుంటే ఈ గొడవ తగ్గుతుంది.

ఉర్దూ పుస్తకం ఎడమ నుంచి తెరుచుకుంటే ఎలా?

పిల్లల కోసం 16 పేజీల ఉర్దూ ఖాయిదా పీడీఎఫ్ దొరికింది. ఏ4 షీట్లు నాలుగు తీసి, మధ్యకు మడిచి, స్టాపుల్ కొడితే చిన్న పుస్తకం అయిపోతుంది. ప్రింట్ బాక్సులో ‘బుక్‌లెట్’ అని ఉంటుంది, అదే పేజీలను సర్దుతుంది. అందరూ అది నొక్కి తీసేస్తారు. తీరా మడిచి చూస్తే పుస్తకం తెలుగు పుస్తకంలా ఎడమ వైపు కుట్టుతో తయారై ఉంటుంది. ఉర్దూ పాఠం ముందుకు వెళ్లాలంటే పేజీలు వెనక్కి తిప్పాలి.

బుక్‌లెట్ సెట్టింగ్ దగ్గరే ‘బైండింగ్’ అని ఉంటుంది. అది ‘లెఫ్ట్’లో ఉంటుంది. ఉర్దూకు, అరబీకి దాన్ని ‘రైట్’ చేయాలి. సరిగ్గా ఉందో లేదో ప్రివ్యూలోనే తెలుస్తుంది. మొదటి షీటు బయటి వైపు చూడండి. తెలుగు పుస్తకానికైతే ఎడమ సగంలో 16వ పేజీ, కుడి సగంలో 1వ పేజీ ఉంటాయి. ఉర్దూకు తిరగబడాలి, ఎడమలో 1, కుడిలో 16. అలా కనిపిస్తేనే ప్రింట్ ఇవ్వండి. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. లేకపోతే చివర్లో ఖాళీ పేజీలు వస్తాయి, అది తప్పేమీ కాదు.

రెండు వైపులా ప్రింట్‌లో ‘ఫ్లిప్ ఆన్ లాంగ్ ఎడ్జ్’, ‘ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్’ అని రెండు ఉంటాయి. నిలువు పేజీల నోట్సుకు లాంగ్ ఎడ్జ్. అడ్డంగా మడిచే బుక్‌లెట్‌కు షార్ట్ ఎడ్జ్. మారిపోతే వెనక పేజీ తలకిందులుగా వస్తుంది. ఆటోమేటిక్‌గా రెండు వైపులా తీయలేని ప్రింటర్ అయితే పేపర్‌ను మనమే తిప్పి పెట్టాలి. ఎటు తిప్పాలో ఒక్క షీటు మీద పెన్సిల్‌తో బాణం గుర్తు గీసి ట్రై చేస్తే తెలిసిపోతుంది.

ఇంకు ఆదా కోసం ఒక షీటు మీద నాలుగు పేజీలు తీసేవాళ్లున్నారు. ఉర్దూ మీడియం పిల్లల పాత ప్రశ్నపత్రాలు ఇలాగే తీస్తారు. అక్కడ ‘పేజ్ ఆర్డర్’ కూడా కుడి నుంచి ఎడమకు మార్చాలి. లేకపోతే మొదటి పేజీ ఎడమ మూలకు వెళ్తుంది, పిల్లలు రెండో పేజీ నుంచి చదవడం మొదలుపెడతారు.

రుఖ్ఖా ప్రింట్‌లో నుక్తాల గొడవ

పెళ్లి రుఖ్ఖాలకు హైదరాబాద్ ఛత్తా బజార్‌కు ఎప్పటి నుంచో పేరుంది. కాతిబ్‌లు చేత్తో రాసిన కాలం పోయి, 1981లో నూరీ నస్తాలీఖ్ అక్షరాలు, 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఉర్దూ డిజైన్ కంప్యూటర్‌లోకి మారింది. ఇప్పుడు నిశ్చితార్థం, అఖీఖా లాంటి చిన్న ఫంక్షన్లకు 50 కార్డులైతే ఇంట్లోనే తీసుకుంటున్నవాళ్లూ ఉన్నారు. ఒకే మడత కార్డులో ఒక సౌకర్యం ఉంది. విప్పి పరిస్తే బయటి వైపు ఎడమ సగం ఉర్దూకు ముందు పేజీ అవుతుంది, కుడి సగం తెలుగుకో ఇంగ్లీషుకో ముందు పేజీ అవుతుంది. రెండు భాషలవాళ్లకూ కార్డు తమ వైపు నుంచే తెరుచుకుంటుంది.

ఉర్దూలో బే, పే, తే అక్షరాలకు ఒడ్డు ఒకటే. తేడా అంతా నుక్తాల్లోనే. ఒక్క నుక్తా పెరిగితే ‘దుఆ’ కాస్తా ‘దగా’ అయిపోతుందని ఇళ్లలో నవ్వుకునే మాట ఉండనే ఉంది. సన్న అక్షరాలను ముదురు ఆకుపచ్చలోనో, మెరూన్‌లోనో పెడితే ప్రింటర్ ఆ రంగు కోసం రెండుమూడు ఇంకులను ఒకే చోట వేయాలి. హెడ్ కొంచెం అటూ ఇటూ అయిందా, రెండు చుక్కలు కలిసి ఒకటైపోతాయి. అందుకని పేర్లు, తేదీ, ఫంక్షన్ హాల్ అడ్రస్ లాంటి చిన్న రాతను పూర్తి నలుపులో పెట్టి, రంగులన్నీ పెద్ద అక్షరాలకు, బార్డర్‌కు వదిలేయాలి. క్వాలిటీని ‘హై’ చేసి, అంతకుముందు మెయింటెనెన్స్‌లో ‘హెడ్ అలైన్‌మెంట్’ ఒకసారి నడపాలి.

ఫైలును వేరే కంప్యూటర్‌కు, షాపుకు పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. వర్డ్ ఫైలు అలాగే పంపితే, అక్కడ నస్తాలీఖ్ ఫాంట్ లేకపోతే అక్షరాలు నస్ఖ్‌లోకి మారిపోతాయి, లైన్లు చెదిరిపోతాయి. పీడీఎఫ్‌లో ఫాంట్ లోపలే ఉండిపోతుంది, ‘ఎంబెడ్’ అయ్యేలా సేవ్ చేస్తే.

స్క్రీన్ మీద చిలకపచ్చ, పేపర్ మీద ఆకు ముదురు

ఫోన్ స్క్రీన్ రంగును వెలుతురుతో చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లు. ప్రింటర్ దగ్గర వెలుతురు లేదు, సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులే ఉన్నాయి. పేపర్ మీద పడిన వెలుగులో కొంత మింగేసి మిగిలింది చూపిస్తాయి. అందువల్ల స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ, నియాన్ నీలం ఏ సెట్టింగ్ పెట్టినా పేపర్ మీదకు అంతే మెరుపుతో రావు. కార్డుకు రంగు ఎంచుకునేటప్పుడే కొంచెం ముదురువి ఎంచుకుంటే నిరాశ ఉండదు.

బంగారు రంగుదీ అదే కథ. ఇంటి ప్రింటర్‌లో గోల్డ్ ఇంకు ఉండదు. స్క్రీన్ మీద తళతళలాడే జరీ బార్డర్ పేపర్ మీద మట్టి పసుపుగా వస్తుంది. నిజమైన మెరుపు కావాలంటే ప్రెస్‌లో ఫాయిల్ వేయించాల్సిందే. తెల్ల ఇంకు కూడా ఉండదు. క్రీమ్ కలర్ కార్డు మీద తెల్ల అక్షరాలు డిజైన్ చేస్తే అవి క్రీమ్ అక్షరాలే అవుతాయి.

ముఖాలు ఎర్రబడుతున్నాయా? రెండు కారణాలు చూడాలి. ఒకటి, ‘వివిడ్’ మోడ్. అది పూలకు, సీనరీలకు బాగుంటుంది, చర్మానికి కాదు. ‘స్టాండర్డ్’ పెట్టండి. రెండోది, రంగులను ఇద్దరు దిద్దడం. ఫోటోషాప్ లాంటి సాఫ్ట్‌వేర్ రంగు సరిచేసి పంపుతుంది, ప్రింటర్ డ్రైవర్ మళ్లీ దాన్నే సరిచేస్తుంది. ఎవరో ఒకరికే ఆ పని ఇవ్వాలి. ఇంట్లో వాడకానికి సాఫ్ట్‌వేర్‌లో ‘ప్రింటర్ మేనేజెస్ కలర్స్’ అని పెట్టి వదిలేయడమే తేలిక.

రంగు సరిచూడాలంటే స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించుకుని, ప్రింట్‌ను పగటి వెలుతురులో పెట్టి చూడండి. ట్యూబ్‌లైట్ కింద, పసుపు బల్బు కింద ఒకే ఫోటో రెండు రకాలుగా కనిపిస్తుంది. తడి ఇంకు ఆరాక కూడా రంగు కొద్దిగా మారుతుంది, అప్పటిదాకా ఆగాలి. టెస్ట్ కోసం మొత్తం షీటు పాడు చేయక్కర్లేదు. ముఖం ఉన్న ముక్క చిన్నది ఒక మూలకు తీసి చూసి, అదే షీటును తిప్పి పెట్టి ఇంకో మూలకు తీయొచ్చు.

ఒక రంగు పూర్తిగా మాయమైనా, అడ్డంగా తెల్ల గీతలు వచ్చినా అది సెట్టింగ్ సమస్య కాదు. ‘నాజిల్ చెక్’ తీయండి. ఎక్కడ గీత తెగిందో ఆ రంగు నాజిల్ మూసుకుపోయింది. అప్పుడే ‘హెడ్ క్లీనింగ్’ చేయాలి. ఊరికే పదిసార్లు క్లీనింగ్ కొడితే ప్రతిసారీ ఇంకు వేస్ట్ ట్యాంక్‌లోకి పోతుంది. వారానికి ఒక కలర్ పేజీ తీస్తుంటే, ముఖ్యంగా ఎండాకాలంలో, ఎండిపోయే బాధ తక్కువ. ట్యాంక్‌లో కింది గీత దాకా రాకముందే ఇంకు పోయాలి. గాలి లోపలికి వెళితే బాగుచేయడం ఖర్చుతో కూడిన పని.

ఆధార్ కాపీ, ఫీజు రసీదు లాంటివాటికి ‘గ్రేస్కేల్’ పెట్టి, పేపర్ టైప్ ‘ప్లెయిన్’ ఉంచితే కలర్ ఇంకు మిగులుతుంది. పిల్లల రఫ్ వర్క్‌కు ‘డ్రాఫ్ట్’ చాలు.

లేజర్ షాపుకు వెళ్తే

జిరాక్స్ షాపులో కలర్ మిషన్ చాలావరకు లేజర్. అది ఇంకు కాదు, టోనర్ పొడిని వేడితో కరిగించి అతికిస్తుంది. ఇంక్‌జెట్ గ్లాసీ పేపర్ తీసుకెళ్లి అందులో పెట్టమని అడగొద్దు. ఆ పూత వేడికి కరిగి రోలర్‌కు అంటుకుంటుంది, మిషన్ పాడవుతుంది. మందపాటి కార్డు అయితే ‘థిక్ పేపర్’ సెట్టింగ్ పెట్టమని చెప్పండి. ఆ సెట్టింగ్‌లో మిషన్ నెమ్మదిగా నడిచి టోనర్ గట్టిగా పడుతుంది. లేకపోతే కార్డు మడత దగ్గర రంగు పొడిలా రాలుతుంది. అంచు దాకా రంగు ఉన్న డిజైన్‌కు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టి ఇస్తే కటింగ్‌లో తెల్ల గీత కనపడదు.

ప్రింట్ రాలేదని నాలుగుసార్లు నొక్కడం అందరికీ అలవాటే. ప్రింటర్ ఆన్ చేయగానే నాలుగు కాపీలూ ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. ముందు ‘ప్రింట్ క్యూ’ తెరిచి పాత జాబ్‌లు క్యాన్సిల్ చేయాలి, ఆ తర్వాత మళ్లీ ఇవ్వాలి. షాపు కంప్యూటర్ అయితే క్యూతో పాటు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి మీ ఆధార్, పాస్‌పోర్ట్ ఫైళ్లు తీసేయించండి. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే మీ ఫోన్‌లో ‘లింక్డ్ డివైసెస్’కు వెళ్లి అక్కడి నుంచే లాగౌట్ కొట్టొచ్చు. పూర్తి నంబర్ అడగని చోటికి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్డ్ ఆధార్‌ను డౌన్‌లోడ్ చేసుకుని, దాన్నే ప్రింట్ తీయించుకోవచ్చు.